మూడు తెరల మీద పాలపిట్ట

రాత ఒకటి

ఏడో గనిల గాలి పీల్చే ఆడ, మగ, పిల్లా జెల్ల సమస్త ప్రజానీకానికి, గని దీపాలు పెట్టే ల్యాంప్ రూమ్ ఏకైక దొర, ఏడో తరగతి సగంల ఇడిసిపెట్టిన మహాపండితుడు ఓదెలు చాటించునది. ల్యాప్‌టాప్ మూత మీద చాయ గ్లాసు పెట్టుట ఈ పొద్దు నుంచి నేరము. దాని వైరు మీద తడి లాగులు ఆరేయుట ఘోర నేరము. దాని మీటల సందుల పుట్టగొడుగు తునకలు రాల్చినవారు ఏడాది పాటు సొంత పేరుతో కాక తమ మేనత్త పేరుతో పిలువబడుదురు. ఇది నా హుకుం. దీన్ని ఎవ్వరు లెక్కచెయ్యరని గూడ ఇందులోనే చాటించడమైనది.

ఇగ అసలు సంగతి. పక్క గనిల మిషన్లు చూసే నస్రీన్ ఫోన్ తీగ మీద నాకు చెప్పింది, ఏం ఐతున్నది, నేనేం చేసిన, చేసినంక ఏమైంది, అంత వరుసగ రాసిపెట్టి, అంత అయినంక పంపుమని. ఆమె ఇక్కడికి రాలేదు, మేము అక్కడికి పోలేము, నడుమ ఉన్నది మమ్ముల అందర్ని గనులల్లకు తోలిన ఎండ. నా రాతనే ఆమెకు కండ్లు. "ఏదీ దాయకు ఓదెలన్నా" అన్నది. దాచుడు నాకు చాతకాదు, చెప్పుడు అంతకన్న చాతకాదు.

మా ల్యాప్‌టాప్‌ను అందరం ముసల్ది అంటం. దానికి ఉన్నవి రెండే పనులు. ఒకటి, గని మొగం కాడ నిలబెట్టిన కెమెరాల కనవడే ఆకాశాన్ని తెచ్చి మేమందరం తినే బువ్వసాల గోడ మీది తెరకు పంపుడు. రెండోది, పైన ఎండ ఎంతున్నదో చూసి, మనిషి ఓర్వలేనంత కాంగనే వాపసు కూత కొట్టుడు. తెల్లారగట్ల పైకి పోయి సోలార్ పలకల దుమ్ము తుడిచేటోళ్ళు ఆ కూత వింటే చేతిల గుడ్డ చేతిలనే ఉండంగ కిందికి ఉరకాలె. మా అన్న సమ్మయ్య ఇంకొక్క పలకనే గద అని ఆగిండు. పానం పోయిన ఆయన బొక్కలు చల్లారినంకనే కిందికి తెచ్చుకున్నం.

దసరా నాడు పాలపిట్ట కనవడితే ఏడాదంత మంచిగుంటదని కింద పుట్టి కింద పెరిగినోళ్ళకు గూడ ఎరుకనే. కాని పిట్టనే లేదు. పైన ఎగిరేటివి దుమ్ము, చినిగిన కవర్లు. అందుకని ఏటా బువ్వసాల గోడ మీద నీలం సుద్దతోటి నేనొక పిట్టను గీస్త. అందరు దానికి దండం పెట్టుకుంటరు. జమ్మాకు లేదు గనుక ఎండిన పుట్టగొడుగు తునకను బంగారం అనుకుంట చేతుల పెట్టుకుని అలయ్ బలయ్ తీసుకుంటరు. మా అన్న పెండ్లాం మదునవ్వ మాత్రం ఏటా అందరి ముంగట నా పిట్టను ఎగాదిగా చూసి ఒకటే మాట అంటది. "ఇది పాలపిట్టనా మర్దీ, రోగం తగిలిన కోడినా?"

వదినె మరుదుల నడుమ ఆ మాత్రం ఉండాలె, లేకుంటే బువ్వ అరగదు. కాని ఈ ఏడు దానికి జవాబు చెప్పాలనుకున్న. ముసల్దాని కడుపుల ఏనాటిదో చిన్నపిల్లల పాఠం ఒకటి దొరికింది, పక్షుల మీద. అందుల పాలపిట్ట ఎగిరేది నాలుగు చిటికెల సేపు ఉన్నది. దాన్ని కత్తిరించి, కెమెరా చూపించే ఆకాశం మీద అతికించిన. పిట్ట కుడి దిక్కు నుంచి వస్తది, పలకల గుంజ మీద వాలుతది, తోక ఆడిస్తది, నీలం రెక్కలు ఇప్పి ఎడమ దిక్కు పోతది. అతికినట్టు నాకే తెల్వలేదు, అంత మంచిగ వచ్చింది.

దసరా నాడు పొద్దుగాల అందరు సద్ది తింటుంటే ఇడిసిన. నా ఉద్దేశం ఏందంటే, పిట్ట పోంగనే లేచి నిలబడి, "ఏం వదినె, ఇది గూడ కోడేనా" అని అడగాలె. అందరు నవ్వాలె. ఆమె నా ఈపు మీద ఒకటి చరవాలె. అంతే.

పిట్ట వచ్చింది. ఎవ్వరు నవ్వలేదు. గిన్నెలల్ల చేతులు ఆగిపోయినయ్. మా గని పెద్ద ఓవర్‌మన్ రాజలింగన్న భుజం మీది తువ్వాల తీసి చంకల పెట్టుకుని లేచి నిలబడ్డడు, ఆయనను చూసి అందరు లేచిన్రు. మదునవ్వ నా పక్కనే ఉన్నది. నా మణికట్టు పట్టుకున్నది.

"ఓదెలూ, చూసినవా" అన్నది, మెల్లగ.

చూసిన అన్న. అబద్ధం కాదు గద, చూసిన. నేను దాచిపెట్టుకున్న మాటను మాత్రం సద్దితోటి కలిపి మింగిన. రేపు చెప్దమనుకున్న.

ముసల్ది అప్పుడే పొయ్యి మీది ఎసరు లెక్క గునుసుడు మొదలువెట్టింది. ఇదొక్కటే నస్రీన్‌కు పనికొచ్చే ముచ్చట. మిగిలినదంతా ఎందుకు రాసిన్నో నాకే తెల్వది.

రాత రెండు

రేపు చెప్దమనుకున్నది ఎల్లుండి అయింది. ఎల్లుండి నాటికి రాజలింగన్న సామాన్ల గది తవ్వించి, అమ్మమ్మల నాటి పెద్ద తెరలు రెండు తీయించిండు. ఒక్క తెర ముంగట అందరు పడ్తలేరు, ముసలోళ్ళకు ముందట జాగ దొరుకుతలేదు, కనుక మూడు తెరలు ఉండాలెనని తీర్మానం. నా చేతులతోటే వైర్లు పెట్టిన. ఒక్క ఆకాశం మూడు ముక్కలై గోడంత పరుచుకున్నది. పిట్ట ఒక తెర నుంచి ఇంకో తెరకు పోయేటట్టు నేనే సవరించిన. రోజూ సద్ది కాడ ఒకసారి ఇడుస్తనే ఉన్న. పిట్ట రాకుంటే వాళ్ళ మొగాలు ఎట్లుంటయో ఒక పొద్దు చూసిన. మళ్ళొకసారి చూడబుద్ధి కాలేదు.

మూడు తెరలు పెట్టినంక ముసల్దానికి నడుము పడిపోయింది. తెర మీద బాణం గుర్తును ఈ మూల నుంచి ఆ మూలకు జరిపితే, అది పోయి చేరేసరికి నేను ఆవులించి, నోరు మూసుకుని, చెవి గోక్కుని, మళ్ళ ఆవులించిన. మీటలు కొడితే అక్షరాలు పెండ్లికి పిలిస్తే వచ్చే చుట్టాల లెక్క ఆలస్యంగ ఒక్కొక్కటి దిగుతున్నయ్. కింద చెయ్యి పెడితే కాలుతది, దాని మీద అట్టు పోసుకోవచ్చు.

నస్రీన్‌కు ఫోన్ చేసిన. దాన్ని తిప్పి పొట్ట చూడమన్నది. తిప్పిన. గాలి పీల్చే సందులు ఉండాల్సిన కాడ పసుపు పెచ్చు గట్టి ఉన్నది, నడుమ కుంకుమ బొట్టు. దసరా నాడు ఆయుధ పూజ చేసినం గద, గునపానికి, డ్రిల్లుకు, దీపాలకు రాసినట్టే దీనికి గూడ మదునవ్వ పసుపు రాసింది. ఏటా మూత మీద వేలు అద్దేది. ఈ ఏడు పిట్టను చూపెట్టిన తల్లి అని కడుపు నిండ పూసింది. అంతటితోని ఊకోలేదు, చల్లటి రాయి మీద కూసుంటే పాపమని కింద బొంత వేసింది, మూత ముయ్యించి పూలదండ లెక్క గుడ్డ పీలికల దండ వేసింది.

చెప్తే నస్రీన్ తీగ అవతల నవ్వి నవ్వి దగ్గింది. నవ్వుడు ఆపినంక పని చెప్పింది. బొంత తీసెయ్. పిన్నీసుతోటి సందులు గోకు, గాలి ఊదు. కింద రెండు ఇటుకలు పెట్టి లేపు, పొట్టకు గాలి తగలాలె. మూత మూసి నడుపకు, సగం వేడి మీటల సందులకెళ్ళి పోతది, మూసిపెడితే తన వేడి తానే మింగుతది. అన్ని చేసిన. పసుపు గీకుతుంటే మదునవ్వ వచ్చి లెంపలేసుకున్నది. నాకు గాదు, ముసల్దానికి. "నా భక్తి నీకు గాలాడకుండ చేసింది తల్లీ" అని దండం పెట్టింది.

కొంత చల్లబడ్డది. గునుసుడు తగ్గింది. రాజలింగన్న అందరి ముంగట నా భుజం తట్టిండు. ఆ చెయ్యి పడ్డ జాగ ఇప్పటికీ దురద పెడుతున్నది.

రాత మూడు

మళ్ళ మొదటికొచ్చింది. ఈసారి భయమైంది ఏందంటే, వాపసు కూత ఆలస్యమైంది. పలకలు తుడిచే ఇద్దరు పైన ఉండంగ ఎండ హద్దు దాటింది, కూత మాత్రం వాళ్ళు ఒక వరుస తుడిచినంక పడ్డది. వచ్చినోళ్ళ చెవుల తమ్మెలు కమిలి ఉన్నయ్. ముసల్దానికి వయసైందని వాళ్ళు దాని మీదనే జాలి పడ్డరు.

నస్రీన్ ఈసారి నవ్వలేదు. కాలుతున్నదంటే పని ఎక్కువైందని, కాలితే అది తన పానం కాపాడుకోనీకె తానే మెల్లగ ఐతదని, మెల్లగైతే పనులు వరుస కట్టి కుప్పపడ్తయని చెప్పింది. ఎండ చూసే పని ఆ వరుసల ఎనక నిలబడ్డదన్న మాట. వేరే తెరలు తగిలించినప్పుడు ఇది మామూలేనట. ఒక్క మొగం గీసే మిషన్ నాలుగు మొగాలు గీస్తున్నది.

ఒకటొకటే చేయించింది. తెరల మీద బొమ్మ సన్నదనం తగ్గించుమన్నది, తగ్గించిన. తెర క్షణానికి ఇన్నిసార్లు బొమ్మను మళ్ళ మళ్ళ గీస్తదట, అదీ తగ్గించుమన్నది, తగ్గించిన. చార్జర్ చూడమన్నది. మేము వాడుతున్నది ఎవరిదో చిన్న మిషన్ది, దాని బలం ముసల్దానికి చాలదట. సామాన్ల గదిల పెద్దది వెతికి పెట్టిన. ఫ్యాన్ ఇప్పి దుమ్ము తీయమన్నది. తీసిన దుమ్ముతోటి చిన్న దిండు కుట్టొచ్చు. ప్రతి పనికీ కొంచెం కొంచెం నయమైంది. నయమైన ప్రతిసారి నా గుండె కొంచెం కొంచెం దిగింది, ఎందుకంటే చేయడానికి మిగిలిన పనులు తరుగుతున్నయ్, చెప్పకుండ మిగిలింది మాత్రం అట్లనే ఉన్నది.

ఆఖరికి అడిగింది. ఏయే పనులు నడుస్తున్నయో చూపే పట్టీ ఇప్పుమన్నది. ఏది ఎక్కువ తింటుంటే అది పైకొస్తది, పైనుంచి చదువుమన్నది.

ఇప్పిన. అన్నిటికన్న పైన, ముసల్దాని బలంల సగం కన్న ఎక్కువ తినుకుంట, నేను పెట్టిన పేరుతోటే ఉన్నది. పాలపిట్ట.

నేను రెండోది చదివిన. కెమెరా అన్న.

"ఓదెలన్నా, పైనుంచేనా చదువుతున్నవ్" అన్నది.

పైనుంచే అన్న.

ఆమె ఆలోచన చేసింది. అట్లైతే మిషన్ గుండె కాడ రాసే మలాం ఎండిపోయి ఉంటది, దానితోనే లోపలి వేడి బయటికి పోతది, కొత్తది రాయాలె అన్నది. ఆమె దగ్గర ఆఖరి గొట్టం ఒక్కటే ఉన్నదట. వాళ్ళ మిషన్‌కు గూడ అక్కర పడేదేనట. ఐనా మీ కూత ఆలస్యమైతున్నది గద, ముందు మీకే అని, వచ్చే బొగ్గు బండిల పంపుతనన్నది. బండి రెండు గనుల నడుమ మనిషి దూరనంత ఇరుకు సొరంగంల వారానికి ఒకసారి తిరుగుతది. వద్దనాలె. "నీ మేలు మరువం బిడ్డా" అన్న. ఫోన్ పెట్టేసి ఆ మాట నోట్లకెళ్ళి ఉమ్మెయ్యాలని చూసిన.

రాత నాలుగు

నా మీద పిడుగు మదునవ్వ నోటి నుంచి పడ్డది. సద్ది కాడ అందరు ఉండంగ చెప్పింది, రేపు పలకలోళ్ళ కన్న ముందు తాను పైకి పోతదట. ఇత్తడి గిన్నెల నీళ్ళు తీసుకపోయి గుంజ కింద పెడ్తదట. పిట్ట ఇన్ని దినాల నుంచి వస్తున్నది, దానికి దూప ఎట్ల తీరుతున్నదో ఒక్కరన్న ఆలోచన చేసిన్రా అని అందర్ని తిట్టింది. గని మొత్తం సిగ్గుపడ్డది. రాజలింగన్న తన వంతు నీళ్ళు గూడ కలపమన్నడు. ఒక్కొక్కరు వచ్చి గిన్నెల తలా ఇంత పోసిన్రు. మేము మొగం కడుక్కునే నీళ్ళను మూడుసార్లు వడబోసి తాగేటోళ్ళం.

ఆమెను ఆపాలని పుట్టగొడుగుల గదికి పోయిన. తడి గోనెల మీద పుట్టగొడుగులు తెంపుతున్నది. నేను నా తీరుననే మొదలువెట్టిన. నీ మోకాళ్ళు చూస్తే పిట్ట నవ్వి గుంజ మీదకెళ్ళి పడ్తదన్న. మెట్లు ఎక్కేసరికి మళ్ళ దసరా వస్తదన్న. నీళ్ళు పలకలోళ్ళు పెడ్తరు, నువ్వు తెర మీద చూడరాదా అన్న.

"తెర మీద చూసింది చూసినట్టు కాదు మర్దీ" అన్నది. "మీ అన్న పోయే ముందటి పొద్దు పిట్ట మాటనే చెప్పిండు. పలకల సందుల ఏదో నీలం ఈక కనవడ్డదట, రేపు తెచ్చిస్తనన్నడు. నీకు కోడి గీయరాదు, ఆయనకు ఈక తేరాదు. నేనే పోయి చూసొస్త."

అప్పుడు చెప్పాలె. నోరు తెరిచిన గూడ. ఆమె తెంపిన పుట్టగొడుగుల నుంచి ఒక మంచిది తీసి నా చేతుల పెట్టి, బంగారం అన్నది, దసరా నాడు పిట్ట ముచ్చట్ల పడి నీకు పెట్టుడు మర్చిపోయిన అన్నది. నేను దాన్ని నోట్ల పెట్టుకున్న. నోరు నిండితే మాట్లాడనక్కర లేదు.

నా సగం చదువు బుర్ర ఒక ఉపాయం చేసింది. పిట్టను ఇప్పుడే తీసేస్తే, రేపు ఆమె పైన అది వచ్చేదాంక చూసుకుంట నిలబడ్తది. అదే ఆమె గిన్నె పెట్టంగనే పిట్ట ఒక్కసారి వచ్చి పోయిందనుకో, కింద అందరు చూస్తరు, వచ్చింది వచ్చింది అంటరు, నువ్వు వంగినప్పుడే పోయింది వదినె అని నేనంట, ఆమె సంబురంగ దిగొస్తది. ఆ పొద్దు నుంచి పిట్ట వలస పోయిందని చెప్పి దాన్ని తుడిచేస్త. ఎవ్వరికీ ఏమీ కాదు. ఇంత మంచి ఉపాయం చేసినందుకు నన్ను నేను మెచ్చుకున్న. ఆ మెచ్చుకున్న మాటను ఇక్కడ రాసుడే నాకు శిక్ష.

రాత ఐదు

ఆమె ఎండను వాపసు కొట్టే మెరుపు చద్దరు కప్పుకుని, నడుముకు తాడు కట్టుకుని, రెండు చేతులతోటి గిన్నె పట్టుకుని మెట్లెక్కింది. తాడు ఇంకో కొన బువ్వసాల దాంక వస్తది, రాజలింగన్న చేతిల ఉన్నది. పిట్ట కనవడంగనే తాడు ఒకసారి గుంజాలె, ఆమె తలెత్తి చూడాలె, అదీ ఒప్పందం. ఇంకెవ్వరు పైకి పోలేదు. సప్పుడైతే పిట్ట బెదురుతదని ఆమెనే వద్దన్నది.

గని మొత్తం మూడు తెరల ముంగట. నేను ముసల్దాని కాడ. అది అప్పటికే గునుస్తున్నది.

నడిమి తెరల ఆమె వచ్చింది. పలకల నడుమ మెల్లగ నడిచింది. గుంజ కింద వంగి గిన్నె పెట్టింది. కొంగుతోటి గిన్నె అంచు తుడిచింది. పిట్ట ముంగటికి ఎంగిలి గిన్నె పెట్టరాదనుకున్నదేమో. నేను పిట్టను ఇడిసిన.

కుడి తెరకెళ్ళి వచ్చింది. అందరు ఆ అన్నరు. నడిమి తెరలకు దాటింది. గుంజ మీద వాలవోయింది, వాలలేదు. రెక్కలు ఇప్పుకుని ఆమె నెత్తికి జానెడు పైన గాలిల ఆగిపోయింది. అంతే, ఇగ కదలలేదు.

ముసల్దానికి ఊపిరి ఆడక పిట్ట ఇరుక్కున్నది. వాళ్ళకు అది తెల్వదు. పిట్ట ఆమె నెత్తి మీద నిలబడి దీవిస్తున్నదని ఎవరో అన్నరు. ముసలోళ్ళు ఏడుస్తున్నరు. రాజలింగన్న తాడు గుంజిండు. బొమ్మల ఆమె ముక్కలు ముక్కలుగ కదులుతున్నది. ఒకసారి వంగి ఉంటది, మళ్ళ చూస్తే నిలబడి ఉంటది. తలెత్తి చూసింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది. ఆమెకు అక్కడ ఉన్నది ఆకాశం ఒక్కటే. రాజలింగన్న మళ్ళ గుంజిండు. ఆమె ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, చద్దరు నెత్తి మీదకెళ్ళి జారిపోంగ గూడ చూసుకోక, వెతుకుతనే ఉన్నది.

నేను ఎండ లెక్క చూసిన. అది ఎప్పటిదో అంకె, కదుల్తలేదు. బొమ్మల గుంజ నీడ మాత్రం కురుచైంది. ఆమె ఉత్త పాదాల కింద ఉన్నది కాలే రాయి.

రాజలింగన్నా, వదినెను గుంజు, దించు అన్న.

"కూత పడలేదు గద రా" అన్నడు, తెర మీదకెళ్ళి కండ్లు తీయకుండ. "పిట్ట ఆమె నెత్తి మీదనే ఉన్నది. కడుపునిండ చూడనీ."

"ఆమెకు కనవడదే. అక్కడ ఏం లేదే. అది పైన లేదు, దీంట్ల ఉన్నది" అన్న. ఎగతాళి మనిషి మాట ఎవరు నమ్ముతరు. ఒకరిద్దరు నవ్విన్రు. ఊకో ఓదెలూ, ఇయ్యాల గూడనా అన్నరు.

పట్టీ ఇప్పిన. ముసల్దాని మొగం మీద ఇప్పితే అది గోడ మీది మూడు తెరలల్ల గూడ ఇప్పుకున్నది, దిష్టి తీసినట్టు ఒక్కొక్క అక్షరం దిగింది. పైనుంచి మొదటి వరుస. పాలపిట్ట. చదువొచ్చినోళ్ళు చదివిన్రు, రానోళ్ళకు పక్కనోళ్ళు చదివి చెప్పిన్రు. నేను దాని మీద బాణం పెట్టి, ఆపు అని కొట్టిన. బాణం మెల్లగ పోయి చేరింది. ఆవులింత రాలేదు ఈసారి.

పిట్ట పోయింది. ఎగిరిపోలేదు, ఉన్న జాగల లేకుండ పోయింది. ఆమె బొమ్మ ఒక్క ఎగురు ఎగిరింది, అప్పటిదాంక కుప్పపడ్డ క్షణాలన్ని ఒక్కసారి దాటుకుని వచ్చినట్టు. ఆమె గుంజ కాడ కూలబడి ఉన్నది. తల మాత్రం ఇంక పైకే ఉన్నది. ఎండ అంకె దూకింది, ఆ ఎంబడే వాపసు కూత గని మొత్తం అదిరేటట్టు పడ్డది.

పలకలోళ్ళు ఇద్దరు చద్దర్లు కప్పుకుని ఉరికిన్రు. రాజలింగన్న తాడు గుంజుకుంట ఉన్నడు, చేతులు కోసుకపోతున్నయ్. మిగిలినోళ్ళెవ్వరు తెరల దిక్కు చూస్తలేరు. అందరు నా దిక్కు చూస్తున్నరు. తిట్టుమని మనసుల మొక్కుకున్న. ఒక్కరు తిట్టలేదు.

రాత ఆరు

మదునవ్వ బతికింది. రెండు అరికాళ్ళు బొబ్బలెక్కినయ్, చూపు మసకబారింది, మందుల గదిల పండవెట్టిన్రు. నడుస్తది కాని ఇప్పట్ల కాదన్నరు.

రాజలింగన్న నన్ను పిలిచి కూసోవెట్టిండు. చేతులకు కట్లు కట్టుకుని ఉన్నడు. ఒక్కటే చెప్పిండు, ల్యాంప్ రూమ్ తాళం నీ దగ్గరనే ఉండనీ, ఆ మిషన్ నీకే ఎరుక, కాని ఈ పొద్దు నుంచి తెల్లారగట్ల పలకలు తుడిచుడు గూడ నీదే అని. ఒప్పుకున్న. నన్ను గనిలకెళ్ళి ఎల్లగొడతడనుకున్న, అదే నయం ఉండేది.

బొగ్గు బండిల నస్రీన్ పంపిన మలాం గొట్టం వచ్చింది. గుడ్డల చుట్టి, పైన నా పేరు రాసి. ముడి ఇప్పకుండ అదే బండిల వాపసు పంపి, ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పిన. పైనున్న వరుస చదవలేదని చెప్పిన. "నాకు అప్పుడే అనుమానమొచ్చిందన్నా" అన్నది నస్రీన్. "మళ్ళ అడగాలెగద నేను." నస్రీన్ బిడ్డా, నువ్వు చదువుతవని తెలిసే రాస్తున్న. నీది తప్పు కాదు. నువ్వు అడిగినవ్.

ముసల్ది ఎట్లున్నదంటవా, మంచిగున్నది. మూడు తెరలు నడుస్తనే ఉన్నయ్, ఇటుకల మీద, మూత తెరుచుకుని, పెద్ద చార్జర్‌తోటి. కింద చెయ్యి పెడితే గోరువెచ్చగ ఉన్నది. కూత వేళకే పడుతున్నది. తెరల మీద ఉత్త ఆకాశం, గుంజ, గిన్నె. అందరు తలలు వంచుకుని తింటున్నరు. పైకి చూసేటోళ్ళు లేరు.

వదినెను చూడనీకె పోయిన. వాకిట్ల నిలబడ్డ. ఆమె నన్ను చూసి, తడి గుడ్డల పాదాలు పెట్టుకునే, నవ్వింది. "ఈసారి కోడి కాదు మర్దీ, పాలపిట్టనే గీసినవ్. తోక జర్ర కురుచైంది" అన్నది. నేను ఆమె కాళ్ళ కాడ కూసుండి ఏడ్చిన. ఆమె నా ఈపు మీద ఒకటి చరిచింది. దసరా నాడు రావాల్సింది, ఆలస్యంగ ముట్టింది.

రాత ఏడు

పైన రాసిందంత మళ్ళ చదువుకున్న. ఏదీ దాయకుమన్నది నస్రీన్. పసుపు ముచ్చట నిజం, బొంత నిజం, చార్జర్ నిజం, పట్టీల పైవరుస నిజం, రాజలింగన్న చేతులు నిజం.

వదినె నవ్వింది నిజం కాదు. ఆమె నవ్వలేదు. తోక ముచ్చట ఆమె అనలేదు, నేను కల్పించిన. నా ఈపు మీద ఎవ్వరి చెయ్యి పడలేదు. ఖాళీ ఆకాశం మీద పిట్టను అతికించినట్టే, ఆమె మొగం మీద ఆ నవ్వును నేనే అతికించిన.

జరిగింది ఇది. వాకిట్ల నిలబడ్డ. ఆమె నా దిక్కు తిరిగింది, కండ్లకు తడి గుడ్డ ఉన్నది, ఎవరో గుర్తుపట్టనీకె కొంచెం సేపు పట్టింది. గుర్తుపట్టింది. మర్దీ అని పిలువలేదు.

"గిన్నె పైననే ఉన్నదా" అని అడిగింది.

ఉన్నదన్న. ఆమె గోడ దిక్కు తిరిగి పండుకున్నది.

పొద్దుగాల పలకలు తుడవనీకె పోయినప్పుడు గుంజ కాడికి పోయిన. గిన్నె అడుగు కనవడుతున్నది, నీళ్ళు ఎండకు ఇగిరిపోయినయ్. మొగం కడుక్కునే నా వంతు నీళ్ళు తీసుకపోయిన, అందుల పోసిన. కొంగు లేదు గనుక అంగీ చివరతోటి అంచు తుడిచిన. కూత పడ్డది, దిగొచ్చిన.